పలకలోని యాంప్లిఫయరు

హైదరాబాదు నగరానికి పడమట రాళ్ళగుట్టల మధ్య 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ తరువాత మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ అనే పాత గ్రామనామాలన్నీ ఒకే వరుసలో ఒక కొత్త నగరమై నిలిచినవి. అక్కడ పనిచేసే యువకులలో అత్యధికులు ఒక గోడకు ఇటు ఒకరు, అటు ఒకరుగా అద్దె గదులలో, హాస్టళ్ళలో, ఫ్లాట్లలో నివసిస్తారు. ఇంత ఇరుకులో ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకొనవలెనని కోరుకొనేవానికి కలిగే మొదటి సమస్య సంగీతానికి సంబంధించినది కాదు, పొరుగువారికి సంబంధించినది.

2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమావళి ప్రకారం నివాస ప్రాంతాలలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి అనగా పది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు. కార్యాలయం నుండి రాత్రి తొమ్మిదింటికి గది చేరే యువకునికి సాధనకు మిగిలేది సరిగ్గా ఆ వేళయే. ఒక మోస్తరు గిటారు యాంప్లిఫయరు చిన్న గదిలో 100 డెసిబెళ్ళను సులభంగా దాటుతుంది. కావున గిటారు ధ్వనిని చెవిగొట్టాలలోనే వినిపించి, అది పెద్ద యాంప్లిఫయరులో నుండి వచ్చినట్లే తోపింపజేసే యాప్‌లు ఈ ప్రాంతపు యువకులకు వినోదవస్తువులు కావు. సాధన జరుగుటకు ఉన్న ఏకైక మార్గము. మన కళాశాల విద్యార్థులలో కొందరు ఆ ప్రాంతంలోనే సాయంకాలపు ఉద్యోగాలు చేస్తూ, కూడబెట్టిన నాలుగు డబ్బులతో ఏది కొనవలెనని అడుగుతున్నారు. సంగీత బృందానికి వాద్యసామగ్రి కొనుగోలు విషయమై కళాశాల కమిటీవారికి కూడ ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. ఈ వ్యాసం ఆ ఇరువురి కొరకు.

మొదట ఎలక్ట్రిక్ గిటారు పనిచేసే విధానం తెలియవలెను. ఉక్కు తీగ కింద అయస్కాంతము, దానిచుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. దీనిని పికప్ అంటారు. తీగ కంపించినప్పుడు 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రం ప్రకారం ఆ చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. అది ఎంత స్వల్పమనగా, పెద్ద స్పీకరును కదిలించుటకు దానిని ఎన్నో రెట్లు పెంచవలెను. ఆ పని యాంప్లిఫయరుది. మన తాతల ఇళ్ళలోని పాత రేడియోలలో ఎర్రగా వెలిగే వాల్వులు ఉండేవి. కాలిఫోర్నియాలో లియో ఫెండరు తయారుచేసిన యాంప్లిఫయర్లలోను, లండనులోని హాన్‌వెల్ అనే చోట డ్రమ్ములు నేర్పుతూ దుకాణం నడిపిన జిమ్ మార్షలు 1962లో విడుదల చేసిన యాంప్లిఫయరులోను ఉన్నవి అటువంటి వాల్వులే. మార్షలు తొలి నమూనా ఫెండరు వారి బాస్‌మన్ అనే యంత్రాన్ని చూసి చేసినదే. అనుకరణ అనేది ఈ రంగంలో కంప్యూటరుతో మొదలు కాలేదని దీనివల్ల తెలుస్తుంది.

వాల్వు తనకు చేతనైన దానికన్న ఎక్కువ పెంచమని అడిగితే తరంగపు కొనలను అణచివేస్తుంది. కొనలు అణగిన తరంగంలో మూలస్వరంతోపాటు దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు కొత్తగా చేరుతాయి. భౌతిక శాస్త్ర విద్యార్థులు హార్మోనిక్స్ అని చదువుకొనేవి ఇవే. ఇంజనీరు దృష్టిలో ఇది దోషం. రాక్ సంగీతకారుని చెవికి ఇదే మాధుర్యం. చిక్కు ఏమనగా, ఈ మాధుర్యం చాలవరకు శబ్దం పెంచినప్పుడే వస్తుంది. మాదాపూరు గదిలో అది అసాధ్యం.

ఇక మూడవ భాగం స్పీకరు పెట్టె. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జ్ దాటిన ధ్వనులను బాగా తగ్గిస్తుంది. దీని విలువ తెలియనివారు పెట్టె అనుకరణను ఆపివేసి, యాప్‌లోని యాంప్లిఫయరు భాగాన్ని మాత్రమే చెవిగొట్టాలలో వింటే సీసాలో బంధించిన కందిరీగల రొద వినిపిస్తుంది. యాప్ చెడ్డదని వారు నిర్ణయించుకొంటారు. యాప్ చెడ్డది కాదు, పెట్టె లేదు.

ఈ మూడింటిని గణితంగా మార్చుటయే అనుకరణ. గిటారు సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా చేస్తారు. వాల్వు వంపును పోలిన సమీకరణం గుండా ఆ అంకెలను పంపుతారు. పెట్టె విషయంలో ఇంకొక యుక్తి కలదు. నిజమైన పెట్టెలో ఒక్క క్షణకాలపు చిటుక్కుమను ధ్వనిని పంపి, మైకు ముందు అది ఎట్లు మోగి అణగారినదో రికార్డు చేస్తారు. ఆ రికార్డు 2,048 అంకెలే కావచ్చు. అనగా సెకనులో ఇరవయ్యో వంతు కూడ ఉండదు. కాని ఆ పెట్టె, ఆ స్పీకరు, ఆ మైకు, మైకు ఉంచిన స్థానం అన్నీ దానిలో నిక్షిప్తమై ఉంటాయి. మన గిటారు ధ్వనిని దానితో గుణించి కలిపితే ఆ పెట్టెలో మోగినట్లే వినిపిస్తుంది. లైన్ 6 అనే అమెరికా సంస్థ 1998లో పాడ్ అనే ఎర్రని చిన్న పరికరంలో ఇటువంటి అనుకరణను అమ్మకానికి పెట్టినది. సైబర్ టవర్స్ తలుపులు తెరచిన సంవత్సరమే అది! అప్పుడు ప్రత్యేక పరికరం కావలసిన పని నేడు టాబ్లెట్ అనే చదువుల పలక చేస్తున్నది.

ఇంతవరకు చెప్పినది ధ్వని స్వభావం. దానికన్న ముఖ్యమైనది ఆలస్యం. యాప్‌లను పోల్చేవారు ఎక్కువగా ధ్వని గురించే వాదించుకొంటారు. నా అభిప్రాయంలో విద్యార్థికి ఆలస్యమే ప్రాణప్రదమైన విషయం.

టాబ్లెట్ అంకెలను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా స్వీకరిస్తుంది. ఆ గుంపును బఫర్ అంటారు. 128 అంకెల గుంపు నిండుటకు సుమారు 3 మిల్లీసెకన్లు, 512 అయితే దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటకు ఒకసారి, మధ్య మార్పిడులకు కొంత. ఈ మొత్తం ఎంతయినదో వాద్యకారునికి వేళ్ళలో తెలుస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది గనుక 10 మిల్లీసెకన్ల ఆలస్యమనగా యాంప్లిఫయరుకు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్లు. వేదికమీద అందరూ చేసే పనే అది, ఇబ్బంది లేదు. ఇరవై, ముప్పై దాటినప్పుడు వేళ్ళకు, చెవికి మధ్య ఎవరో నిలబడినట్లు తోస్తుంది.

బ్లూటూత్ చెవిగొట్టాల సంగతి చూడండి. వాటిలో ఆలస్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బకు అర సెకను. దానిలో నాలుగవ వంతు 125 మిల్లీసెకన్లు. అనగా బ్లూటూత్ ద్వారా సాధన చేసే విద్యార్థి దాదాపు ఒక పూర్తి పావుదెబ్బ వెనుక వింటాడు. ఆ లోటును పూరించుటకు చెయ్యి తెలియకుండానే ముందుకు దూకుట నేర్చుకొంటుంది. ఆరు నెలలు అట్లు సాధన చేసి తబలాతో గాని డ్రమ్ములతో గాని కూర్చుంటే లయ కుదరదు. తాళజ్ఞానం లేదని పక్కవారు అంటారు. ఆ పిల్లవాడు గిటారును గోడకు తగిలిస్తాడు. లోపం అతనిది కాదు, వైరులేని చెవిగొట్టాలది. సాధనకు వైరు ఉన్నవే వాడవలెను. దీనిలో బేరం లేదు.

ఐప్యాడుకు, ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు ఈ విషయంలో చాలాకాలం పెద్ద అంతరం ఉండేది. ఐప్యాడులో తక్కువ ఆలస్యం మొదటినుండి సాధ్యమగుటచేత గిటారు యాప్‌లు చాలవరకు దానికొరకే పుట్టినవి. ఆండ్రాయిడులో 2017లో వచ్చిన 8.0 సంచికతో ఏఆడియో అనే కొత్త మార్గం ఏర్పడినది. అయినను ఆండ్రాయిడ్ పరికరాలను తయారుచేసేవారు అనేకులు. ఒకే యాప్ ఒక టాబ్లెట్‌లో చక్కగాను, మరొకదానిలో నత్తనడకగాను ఉండవచ్చు. రాను పోను మొత్తం 20 మిల్లీసెకన్లకు మించని పరికరాలకే ఆండ్రాయిడు వారు ప్రో ఆడియో అనే గుర్తింపును నిర్ణయించినారు. తక్కువ ధర టాబ్లెట్లలో అది ఉండుట అరుదు. ఈ టాబ్లెట్ల గుండెకాయలవంటి చిప్పులను రూపొందించే క్వాల్‌కామ్, ఆండ్రాయిడును నడిపే గూగుల్, 2016లో నానక్‌రాంగూడ వేవ్‌రాక్ భవనంలో కేంద్రం తెరచిన యాపిల్, మూడు సంస్థల కార్యాలయాలూ ఈ సైబరాబాదు దారిలోనే ఉన్నవి. వాటి నీడలోని గదులలోనే మన కుర్రవాళ్ళు ఈ మిల్లీసెకన్లతో కుస్తీ పడుతున్నారు.

ఆలస్యాన్ని ఎవరైనను ఖర్చు లేకుండ కొలవవచ్చును. చెవిగొట్టాన్ని గిటారు తీగల దగ్గర పట్టి, పక్కన ఒక ఫోనులో రికార్డింగు పెట్టి, తీగను ఒక్కసారి గట్టిగా మీటవలెను. రికార్డులో తీగ చిటుకు మొదట, యాప్ ధ్వని తరువాత కనిపిస్తాయి. తరంగచిత్రాన్ని పెద్దది చేసి రెంటి మధ్య దూరాన్ని చూస్తే చాలు. దుకాణంలో అమ్మేవాని మాటకన్న ఈ కొలత నమ్మదగినది.

గిటారును పలకకు కలిపే పరికరం మరొక ముఖ్యాంశం. గిటారు పికప్ చుట్టకు అవరోధం ఎక్కువ గనుక దానిని స్వీకరించే ద్వారానికి సుమారు పది లక్షల ఓములు, అనగా ఒక మెగాఓము, అవరోధం ఉండవలెను. మామూలు మైకు ద్వారంలో పెడితే పై స్వరాలన్నీ హరించుకుపోయి దుప్పటి కప్పినట్లు వినిపిస్తుంది. ఇటలీ దేశపు మొదేనా నగరంలోని ఐకె మల్టీమీడియా సంస్థ 2010లో ఐరిగ్ అనే చిన్న పరికరాన్ని తెచ్చినది. అది చెవిగొట్టాల రంధ్రంలోనే అమరుతుంది. చౌక, తేలిక. కాని లోపలికి వచ్చే ధ్వని, బయటకు పోయే ధ్వని ఒకే చిన్న ప్లగ్గులో పక్కపక్కనే ఉండుటచేత ఒకటి మరొకదానిలోకి కారుతుంది. డిస్టార్షన్ పెంచినప్పుడు కూత మొదలగుటకు కారణమిదే. తరువాత వచ్చిన డిజిటల్ పరికరాలు అంకెలనే పంపుట వలన ఈ బాధ లేదు. ఇప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో గాని, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గాని పాత ఐరిగ్ చౌకగా దొరికినదని సంతోషించేవారు ఒక సంగతి మరువరాదు. 2018 ఐప్యాడ్ ప్రోకు, 2022లో వచ్చిన పదవ తరం ఐప్యాడుకు చెవిగొట్టాల రంధ్రమే లేదు. వాటికి యుఎస్‌బి-సి ద్వారా కలిసే పరికరం కావలెను. ప్రత్యేక డ్రైవరు అవసరంలేని యుఎస్‌బి ఆడియో పరికరమైతే నేడు టాబ్లెట్‌కు, రేపు కంప్యూటరుకు పనికివస్తుంది. ఖర్చులో పెద్దభాగం యాప్ మీద కాక దీనిమీద పెట్టుట వివేకం.

ఇక యాప్‌ల సంగతి. గ్యారేజ్‌బ్యాండ్‌ను యాపిల్ వారు 2011లో ఐప్యాడుకు తెచ్చినారు. 2017 నుండి అందరికీ ఉచితం. తొలి సంచికలోనే తొమ్మిది యాంప్లిఫయర్లు, పది పెడల్‌లు ఉన్నవి. ధ్వని అద్భుతమని చెప్పను, కాని తక్కువ కాదు. లయయంత్రం, డ్రమ్ములు, రికార్డింగు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. తన వాయింపును తానే రికార్డు చేసుకొని వినుటకన్న గొప్ప గురువు ఏ యాప్‌లోను లేడు గనుక, ఐప్యాడు ఉన్న విద్యార్థి మొదటి రెండేళ్ళు మరొక యాప్ కొనవలసిన పని లేదని నా దృఢమైన అభిప్రాయం.

ఆంప్లిట్యూబ్ ఐకె మల్టీమీడియా వారిది. ఫెండరు, ఆరెంజి వంటి తయారీదారుల అనుమతితో వారి పేర్లమీదనే నమూనాలు ఇచ్చుట దీని విశేషం. ధ్వని గ్యారేజ్‌బ్యాండ్‌కన్న బిగువుగా, వేళ్ళ ఒత్తిడికి తగినట్లు మారుతూ ఉంటుంది. కాని తలుపు ఉచితంగా తెరచి, లోపల ఒక్కొక్క యాంప్లిఫయరును, ఒక్కొక్క పెడల్‌ను విడివిడిగా అమ్ముతారు. ఇరానీ హోటలులో చాయ్ ఒకటే అని కూర్చుని ఉస్మానియా బిస్కట్లు, సమోసాలు లెక్కించుకొన్నట్లవుతుంది.

పాజిటివ్ గ్రిడ్ వారి బయాస్ ఆంప్ 2013లో వచ్చినది. దీనిలో యాంప్లిఫయరు మూత తీసినట్లే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు మొదలగువాటిని మార్చి వినవచ్చును. సంగీతంకన్న భౌతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థులు దీనిని తప్పక చూడవలెను. పాఠ్యపుస్తకంలోని వాల్వు వక్రరేఖ వారి చెవికి వినిపిస్తుంది. సాధకునికి మాత్రం ఇది ప్రమాదం: సాయంకాలమంతా వాల్వులు మార్చుటలోనే గడచి ఒక్క స్వరవరస కూడ పలకదు. యోనాక్ వారి టోన్‌స్టాక్‌లో పెడల్‌ల సంఖ్య చాల ఎక్కువ. ఆండ్రాయిడు వారికి డెప్‌లైక్ వంటివి ఉన్నవి. టోన్‌బ్రిడ్జ్ అనేది పాట పేరు చెబితే ఆ పాటలోని గిటారు ధ్వనికి దగ్గరగా అమర్చి ఇస్తుంది. పాట వాయించి ఆనందించుటకు బాగున్నది, ధ్వనిని నిర్మించుట నేర్చుకొనుటకు పనికిరాదు.

వీటిని పోల్చేటప్పుడు ఒక నియమం పాటించకపోతే పోలిక వ్యర్థం. ఎక్కువ బిగ్గరగా ఉన్నదే మంచిదని మన చెవి తీర్పు చెబుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన కొలతల ప్రకారం శబ్దం పెరిగినకొలది మంద్రస్వరాలు మనకు నిండుగా తోస్తాయి. కావున రెండు యాప్‌లను సమాన శబ్దానికి తెచ్చి వినవలెను. ఇంకను మేలు కోరితే ఏ అనుకరణ లేని గిటారు వాయింపును ఒక నిమిషం రికార్డు చేసి, అదే రికార్డును రెండింటి గుండా పంపి, ఏది ఏదో తెలియకుండ మిత్రునిచే వినిపించుకొనవలెను. పేరు, బొమ్మ కనబడనప్పుడు ఖరీదైన యాప్ ఓడిపోవుట అరుదు కాదు.

మరి రెండు పరీక్షలు కలవు. డిస్టార్షన్ బాగా పెంచి, గిటారు మీది శబ్దపు బొత్తామును సగానికి తగ్గించండి. నిజమైన వాల్వు యాంప్లిఫయరులో ధ్వని చిన్నదగుటే కాక నిర్మలమగుతుంది. యాప్‌లో కూడ అట్లే కావలెను; గరగర అట్లే నిలిచి శబ్దం మాత్రమే తగ్గితే అది బలహీనమైన అనుకరణ. రెండవది ఎత్తు స్వరాన్ని పైకి లాగి చూచుట. సెకనుకు 44,100 కొలతలు గల వ్యవస్థలో 22,050 హెర్ట్‌జ్‌కు మించిన ధ్వని ఇమడదు. 1,000 హెర్ట్‌జ్ స్వరపు ముప్పదవ అనుస్వరం 30,000. అది ఇమడక వెనుకకు మడతపడి 14,100 వద్ద తేలుతుంది. ఆ 14,100 మన స్వరానికి ఏ విధమైన బంధువు కాదు. స్వరాన్ని 1,050కి లాగితే ఆ అనుస్వరం 31,500 అయి, మడతపడినది 12,600కు దిగుతుంది. అనగా తీగను పైకి లాగుతుంటే ఒక దొంగస్వరం కిందికి జారుతూ వినిపిస్తుంది! మంచి యాప్‌లు లోపల కొలతల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచి దీనిని అణచివేస్తాయి. అందుకు యంత్రశక్తి ఎక్కువ కావలెను గనుక పాత టాబ్లెట్లు ఆయాసపడతాయి.

మన సంగీతానికి ఇవి ఎంతవరకు పనికివస్తాయి? ఈ యాప్‌లు తెరచిన వెంటనే వినిపించేవి చాలవరకు రాక్ సంగీతపు గర్జనలు. కాని మనకు కావలసినది తరచుగా నిర్మలమైన ధ్వని. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో దివంగతుడైన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించి కర్ణాటక సంగీతపు గమకాలను దానిపై పలికించినాడు. సాధారణ మాండొలిన్ ధ్వని మీటిన వెంటనే అణగిపోతుంది. విద్యుత్తు సాయంతో స్వరం నిలిచినందువల్లనే ఒక మీటుతో గమకాన్ని సాగదీయుట సాధ్యమైనది. అట్లే 1976లో వెలువడిన జగ్‌జీత్ సింగ్, చిత్రా సింగ్‌ల తొలి ఆల్బముతో గజల్ గానంలో గిటారు మర్యాదగా చోటు సంపాదించుకొన్నది. ఉర్దూ విభాగపు మిత్రులు ముషాయిరా సాయంత్రాలకు గిటారు సహకారం కోరుతున్నారు గనుక ఈ మాట చెబుతున్నాను. గమకానికి గాని గజల్‌కు గాని ఫెండరు తరహా నిర్మల యాంప్లిఫయరును ఎంచుకొని, డిస్టార్షన్ సున్నా చేసి, కంప్రెసర్ కొద్దిగా, ప్రతిధ్వని మరికొద్దిగా కలిపితే చాలు. ఇందుకు ఉచిత యాప్‌కు, ఖరీదైన యాప్‌కు మధ్య తేడా చాల స్వల్పం. గర్జన కోరినప్పుడే ఆ తేడా బయటపడుతుంది.

కమిటీవారి ముందున్న ప్రశ్న నిజమైన యాంప్లిఫయరా, టాబ్లెటా అనునది. టాబ్లెట్ పక్షాన గట్టి వాదమే ఉన్నది. తరగతులు జరుగుతుండగా పక్క గదిలో సాధన చేయవచ్చును. నలుగురు విద్యార్థులు వంతులవారీగా రికార్డు చేసుకొనవచ్చును. కాని దాని ఆయుష్షు తక్కువ. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్ల పాత యాప్‌లన్నీ ఒక్కసారిగా మూగబోయినవి. 1960లలో చేసిన వాల్వు యాంప్లిఫయరును నేటికీ మరమ్మతు చేసి వాయిస్తున్నారు. పైగా టాబ్లెట్ ధ్వని సభకు వినిపించవలెనంటే దానికి ఎట్లును స్పీకర్లు కావలెను. మన సభామందిరంలో అవి ఉన్నవి గనుక, ఒక టాబ్లెట్, ఒక మంచి యుఎస్‌బి పరికరం, రెండు వైరు చెవిగొట్టాలు కొని, యాప్‌లకు ఈ సంవత్సరం పైసా కూడ కేటాయించక, మిగిలిన సొమ్ముతో గిటారు తీగలు, కేబుళ్ళు కొనుట మేలని నా సూచన. తీగలు తుప్పుపట్టిన గిటారును ఏ అనుకరణా బాగుచేయలేదు.

చెవుల విషయం కూడ కమిటీ పరిగణించవలెను. పొరుగువారికి వినబడని శబ్దం సాధకుని చెవికి హానిచేయదని అనుకొనరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం కలిసి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి 80 డెసిబెళ్ళ వద్ద వారానికి 40 గంటలు పరిమితి. ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ కాలం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5, 92 వద్ద రెండున్నర గంటలు. డిస్టార్షన్ ధ్వనిలో హెచ్చుతగ్గులు తక్కువ గనుక అది ఎంత బిగ్గరగా ఉన్నదో చెవికి త్వరగా తెలియదు. కాల్ సెంటరులో ఎనిమిది గంటలు చెవిగొట్టాలు ధరించి వచ్చిన విద్యార్థి రాత్రి సాధనకు మళ్ళీ అవే తగిలించుకొంటే రెండు లెక్కలూ ఒకే ఖాతాలో పడతాయి. కనుక సంగీత గదిలో కొనబోయే టాబ్లెట్‌లో గరిష్ఠ శబ్దపు పరిమితిని మొదటిరోజే అమర్చి, దానిని మార్చుటకు కావలసిన రహస్య సంఖ్యను బృంద పర్యవేక్షకుని వద్ద ఉంచవలెను.